బొల్లోడు ఏ రోజున పోయాడు

పెన్‌పహాడ్ కురుమ బీరన్నకు అంకెల మీద ఎన్నడూ నమ్మకం లేదు. సాయంత్రం మంద ఇంటికి వచ్చే వేళకు దొడ్డి తలుపు దగ్గర నిలబడతాడు. వేళ్ళు మడవడు, పెదవి కదపడు, ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ ఉంటాడు. నూట నలభై గొర్రెలు లోపలికి పోయాక "ఫలానాది రాలే" అంటాడే గాని, ఒకటి తక్కువైందనడు. చదువు రాకపోబట్టి ఇట్లా చేస్తున్నాడని కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు ఒకసారి జాలిపడ్డాడు. బీరన్న నవ్వాడు.

"నీకు పిల్లలు ఎందరు సారు?"

"ఇద్దరు."

"పొద్దుమూకి ఇంటికి వోయినంక ఒకటి, రెండు అని లెక్కవెడ్తవా?"

డాక్టరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తన కళ్ళంటే బీరన్నకు గర్వం. అరవైకి దగ్గర పడుతున్నా అద్దాలు పెట్టుకోలేదు. చీకటిపడే వేళ గట్టు మీద నిలబడి, అవతలి చేలో దూరిన గొర్రె ఏదో పేరు పెట్టి చెప్పగలడు. ఊళ్ళో ఎవరి గొర్రె తప్పిపోయినా ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఆ గర్వంలో తప్పేమీ లేదు, చేతనైన పని గురించి మనిషికి ఆ మాత్రం ఉండాలి. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, తనకు కనబడనిది అక్కడ లేనట్టేనని ఆయన అనుకోవడం మొదలుపెట్టాడు. దాని మూలంగా తోడబుట్టినవాడు దొంగయ్యాడు.

ఆ తోడబుట్టినవాడు వీరేశం. బీరన్న కన్నా పన్నెండేళ్ళు చిన్న. తండ్రి పోయినప్పుడు వీడికి ఆరేళ్ళు. బీరన్న వాడిని భుజం మీద ఎక్కించుకొని మంద తోలాడు, గొంగడిలో పక్కన పడుకోబెట్టుకున్నాడు, గొర్రెకు పురుడు పోయడం నేర్పాడు, పెళ్ళి చేశాడు. వీరేశం భార్య నాగరాణిది తుంగతుర్తి. అన్నదమ్ముల మంద ఒక్కటే, పొయ్యి ఒక్కటే. బీరన్న భార్య రుక్కమ్మ వాళ్ళిద్దరినీ చూసి, "ఒక్క గొంగడి రెండు కొసలు" అని ఎగతాళి చేసేది.

ఆ మందలో ఒక పొట్టేలు ఉండేది. ఒళ్ళంతా నలుపు, ముఖం మీద మాత్రం నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి బొల్లి. అందుకే బొల్లోడు. పుట్టినప్పుడే దాన్ని బీరప్పకు మొక్కారు. మొక్కిన పొట్టేలును అమ్మరు, కొట్టరు, ఎవరి చేలో పడినా తిట్టరు. పండుగ నాటికి దేవుడి ముందు నిలబెట్టాలి, అంతే. ఆ అలుసు చూసుకొని బొల్లోడు మహా పొగరుగా తిరిగేవాడు. మంద ఒక దారిన పోతే వాడొక దారి.

ఏడాదిన్నర కిందట వానాకాలం వరికోతలు అయిపోయాక, అన్నదమ్ములు మునగాల పక్కన ఒక రైతు పొలంలో మంద పెట్టారు. గొర్రెలు రాత్రిళ్ళు పొలంలో పడుకుంటే చేనుకు ఎరువు దొరుకుతుంది, కాపరికి గింజలు దొరుకుతాయి. ఆ పొలం పక్కనుంచి పోయే పాత రోడ్డు మీద సినిమావాళ్ళు దిగారు. హీరో కారు ముందు, విలన్ జీపులు వెనుక. మధ్యలో గొర్రెల మంద రోడ్డు దాటాలి, హీరో కారు సందులోంచి తప్పించుకోవాలి, జీపులు ఇరుక్కుపోవాలి. మూడు రోజులకు మందను కిరాయికి మాట్లాడుకున్నారు.

మొదటి రోజు అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. బీరన్న నెత్తి రుమాలూ, భుజాన గొంగడీ, తెల్లమీసమూ చూసి డైరెక్టరుకు ముచ్చటేసింది. నడిరోడ్డు మీద నిలబడి, కర్ర ఎత్తి, వచ్చే కారును "ఆగు, ఆగు" అని అరవమన్నాడు. కెమెరా ఆయన ఎదుట, మంద ఆయన వెనుక. పది సార్లు అరిచాడు. పదకొండోసారికి పొద్దు వాలిపోయింది. మిగిలింది ఎల్లుండి తీద్దామన్నారు.

అక్కడ వర్ష అని కోదాడ అమ్మాయి ఒకతి ఉండేది. ఒక రోజు తీసిన ముక్కా ఇంకో రోజు తీసిన ముక్కా అతికించినప్పుడు తేడా కనబడకుండా చూడటం ఆమె పని. బీరన్నను ముందు నుంచి, వెనుక నుంచి, పక్కల నుంచి ఫోనులో ఫొటోలు తీసుకుంది.

"పెద్దాయనా, ఎల్లుండి కూడా ఈ రుమాలే చుట్టుకురండి. గొంగడి ఎడమ భుజం మీదే ఉండాలి. గడ్డం మాత్రం గీయించుకోకండి."

"మల్ల గొర్లో బిడ్డా?"

"గొర్రెలన్నీ ఒకేలా ఉంటాయి కదండీ. వాటితో ఇబ్బంది లేదు."

బీరన్న వీరేశం వైపు చూశాడు. ఇద్దరూ నోరు మూసుకొని నవ్వుకున్నారు. పాపం ఆ పిల్ల తప్పేముంది, ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది.

రెండో రోజు రుక్కమ్మకు కంట్లో పొర తీస్తారని బీరన్న ఆమెను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. వీరేశం ఒక్కడే మందను అటూ ఇటూ రోడ్డు దాటించాడు. మొండిచెవి అని నిండు కడుపుతో ఉన్న గొర్రె ఆ రాత్రే ఈనింది. పోతు పిల్ల పుట్టిందని తెల్లవారి వీరేశం ఫోను చేసి చెప్పాడు.

మూడో రోజు బీరన్న దవాఖాన నుంచి నేరుగా షూటింగుకు వచ్చాడు. అప్పటికే మంద రోడ్డెక్కింది. వర్ష ఆయన రుమాలు సర్ది, గొంగడి సర్ది, ఫొటోతో పోల్చి చూసుకొని నిలబెట్టింది. మళ్ళీ కర్ర ఎత్తాడు, మళ్ళీ అరిచాడు. మధ్యలో హీరో వచ్చి భుజం మీద చెయ్యేసి, బాగా చేస్తున్నావన్నాడు. ఆ రోజంతా బీరన్న కాళ్ళు నేల మీద లేవు. ఇది ఆయన తర్వాత ఒప్పుకున్న మాట, అప్పుడు ఒప్పుకోలేదు.

సాయంత్రం మంద పొలంలో కట్టిన దొడ్డికి చేరింది. బీరన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. ముఖాలన్నీ లోపలికి పోయాయి.

"బొల్లోడు ఏడి?"

వీరేశం వెనక్కి తిరిగి చూశాడు. "పొద్దుగాల ఉండె అన్నా. నేనే దొడ్డిల్నించి ఇడిసిన."

"ఉంటే నాకు కనబడడా? నేను పొద్దంత గీడనే ఉంటి. ఇయ్యాల బొల్లోడు మందల లేడు. నిన్ననే పోయిండు."

"నిన్న పోలే. ఇయ్యాల ఉండె. నువ్వు కెమెరా దిక్కు సూస్తుంటివి, గొర్లను ఏడ సూసినవ్?"

ఆ మాట తగలరాని చోట తగిలింది. బీరన్న చెయ్యెత్తాడు. కొట్టలేదు గాని, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే లోకానికి కనబడింది. రాత్రంతా లాంతరు పట్టుకొని గట్లన్నీ వెతికారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. మర్నాడు ఆ దారిన తిరిగే లారీ డ్రైవరు సక్రు ఒక సంగతి చెప్పాడు. రెండో రోజు దాబా దగ్గర వీరేశం ఒక మటన్ వ్యాపారితో చాయ్ తాగుతుండగా చూశాడట. వ్యాపారి బొల్లోడిని అడిగిన మాట నిజమే, దేవుని పొట్టేలని వీరేశం కాదన్న మాటా నిజమే. బీరన్న మొదటి నిజాన్ని పట్టుకున్నాడు, రెండోదాన్ని వదిలేశాడు.

పెన్‌పహాడ్‌లో కులపెద్ద శంకరయ్య ముందు పంచాయితీ జరిగింది. వీరేశం బీరప్ప గుడి ముందు పసుపు ముట్టుకొని ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టుతో అందరి నోళ్ళూ మూతపడ్డాయి, ఒక్క బీరన్నది తప్ప.

"దేవుని పొట్టేలును అమ్మినోడికి దేవుని మీద ఒట్టు ఎంత?" అన్నాడు.

అక్కడ వీరేశం కళ్ళు తుడుచుకున్నాడు. మంద పంచుకున్నారు, డెబ్బై ముఖాలు అటు, డెబ్బై ముఖాలు ఇటు. మొండిచెవీ దాని పిల్లా బీరన్న వైపు వచ్చాయి. వీరేశం భార్యనూ మందనూ తీసుకొని అత్తగారి ఊరు తుంగతుర్తికి వెళ్ళిపోయాడు. రుక్కమ్మ మాత్రం భర్తను అప్పుడప్పుడు ఒక్కటే అడిగేది. "నీ కండ్లతోని సూసినవా?" బీరన్న కర్ర అందుకొని బయటికి పోయేవాడు. ఒక్కడే మంద తోలుతుంటే మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. కొత్త గొర్రె ఈనితే, పిల్లను చేతుల్లోకి తీసుకొని, చెప్పడానికి ఎవరూ లేక మళ్ళీ కింద పెట్టేవాడు.

సినిమా విడుదలైన రెండు వారాలకు, మన బీరన్న తెర మీద కనబడతాడని ఊరివాళ్ళు డీసీఎం వ్యాన్ కట్టించుకొని సూర్యాపేట పోయారు. బీరన్నను ముందు వరసలో కూర్చోబెట్టబోతే, మెడ నొప్పి పుడుతుందని ఆయన వెనక్కి వచ్చి రుక్కమ్మ పక్కన కూర్చున్నాడు. ఇంకో పక్క నరేందర్. పెన్‌పహాడ్‌లో ఫోన్లు బాగుచేసే దుకాణం వాడిది. సినిమాల్లో తప్పులు పట్టడం వాడికి సరదా, అవి చెబుతూ వీడియోలు కూడా పెడతాడు.

ఆ రోజు వాడికి పండుగే అయింది. కారు సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర బయలుదేరి, ఒక్క మలుపు తిరగగానే మిర్యాలగూడ రైసుమిల్లుల మధ్య తేలింది. ఇంకో మలుపుకు కోదాడ. కోదాడ దాటి ముందుకు పోతే మునగాల వచ్చింది, అది వెనక్కి వస్తే గాని రాదు. హాలంతా గొల్లుమంది.

"సూర్యాపేట్ల ఎక్కి మిర్యాలగూడ మీదికెళ్ళి మునగాల వస్తడా?" అన్నాడు నరేందర్. "గీ హీరోకు పెట్రోల్ కాదు, దారి జెప్పేటోడు గావాలె. అగో సూడు పెదనాయనా, ఎడమ అద్దం పలిగింది గద. మిర్యాలగూడల మంచిగైంది. కోదాడల కుడిది పలిగింది. నెత్తురు గూడ గీ కనుబొమ్మ మీదికెళ్ళి గా కనుబొమ్మ మీదికి వోయింది."

బీరన్న అద్దాలు చూడలేదు, నెత్తురూ చూడలేదు. ఎందుకంటే రోడ్డు మీదికి మంద వచ్చింది. పంచుకోకముందటి మంద, నూట నలభై ముఖాలూ. చనిపోయినవీ, అమ్మినవీ, తుంగతుర్తి పోయినవీ అన్నీ కలిసి నడుస్తున్నాయి. అంతలో తెరనిండా తనే వచ్చాడు. రుమాలు, మీసం, ఎత్తిన కర్ర. ఊరివాళ్ళు ఈలలేశారు, నరేందర్ వీపు మీద చరిచాడు. అప్పుడే తన కుడి భుజం వెనుక, మందలోంచి ఒక నల్ల పొట్టేలు బయటికి వచ్చింది. ముఖం మీద తెల్లటి బొల్లి. అది ఎవరి కోసమూ ఆగకుండా రోడ్డు దిగి, నిలిపి ఉన్న లారీల వైపు పోయింది. తెర మీది బీరన్న కర్ర ఊపుతూ ముందుకే చూస్తున్నాడు. తర్వాతి ముక్కలో బొల్లోడు మళ్ళీ మంద మధ్యలోనే ఉన్నాడు.

"గది మన బొల్లోడే గదా?" అంది రుక్కమ్మ మెల్లగా.

"మొదటి రోజుది," అన్నాడు బీరన్న. "పోయిండు, మల్లొచ్చిండు. కనబడ్తలే?"

రుక్కమ్మ ఆపరేషన్ అయిన కంటితో భర్త ముఖం కేసి కాసేపు చూసింది.

మొదటి రోజుదైతే ఏ బాధా లేదు. ఆ సాయంత్రం బొల్లోడు దొడ్డిలో ఉండటం తను చూశాడు. కాని మూడో రోజుదైతే? మూడో రోజు పొద్దున బొల్లోడు మందలో ఉన్నట్టు, వీరేశం చెప్పిందే నిజమైనట్టు, పోయింది తన వెనుక నుంచే అయినట్టు. రుమాలు చూసి చెబుదామంటే రెండు రోజులూ అదే రుమాలు. గొంగడి ఎడమ భుజం మీదే. గడ్డం కూడా ఆ మాదిరే. వర్ష తన పని ఎంత బాగా చేసిందంటే, బీరన్నను చూసి ఏ రోజుదో బీరన్నే చెప్పలేకపోయాడు.

అన్నం దిగడం మానేసింది. నాలుగు రోజులు ఓర్చుకొని, అయిదో రోజు మందను రుక్కమ్మకు అప్పజెప్పి మళ్ళీ బయలుదేరాడు. సూర్యాపేటలో సినిమా అప్పటికే ఎత్తేశారు. మిర్యాలగూడలో ఆడుతోందంటే అక్కడికి పోయాడు. ఈసారి ఆయన తనను చూసుకోలేదు, బొల్లోడినీ చూడలేదు. మొండిచెవి కోసం వెతికాడు.

ముందు ముక్కలో అది రోడ్డు మధ్యలో నడుస్తోంది, కడుపు రెండు పక్కలా ఉబ్బి ఉంది. మొదటి రోజు. తర్వాత తను కర్ర ఎత్తాడు, బొల్లోడు బయటికి వచ్చాడు. తెర ఎడమ అంచున మొండిచెవి ఉంది. కడుపు జారిపోయి ఉంది. పొదుగు నిండి బరువుగా వేలాడుతోంది. మందంతా ముందుకు పోతుంటే అదొక్కటే ఆగి, దొడ్డి ఉన్న దిక్కుకు మెడ తిప్పి అరుస్తోంది. రాత్రి పుట్టిన పిల్ల అక్కడే ఉందిగా మరి. సినిమావాళ్ళు పాట పెట్టడంతో దాని అరుపు వినబడలేదు. ఆ వెంటనే ఇంకో ముక్కలో అదే మొండిచెవి మళ్ళీ నిండు కడుపుతో నడుస్తోంది. హాల్లో ఎవరికీ అది పట్టలేదు. మనుషులనైతే ఫొటోలు చూసి ఒక్కతీరుగా నిలబెట్టారు, ఈనిన గొర్రెను ఈననట్టు ఎవరు నిలబెడతారు?

బీరన్న ఇంటర్వెల్ దాకా కూడా కూర్చోలేదు. బయటికి వచ్చి, మిర్యాలగూడ బస్టాండులో బెంచీ మీద కూలబడి, రుమాలు ముఖాన కప్పుకొని ఏడ్చాడు. బొల్లోడి కోసం కాదు. ఆ పొట్టేలు ఏ లారీ ఎక్కిందో, ఎక్కడ తేలిందో దేవుడికే ఎరుక. తమ్ముడు పసుపు ముట్టుకున్న చేతిని తను నమ్మలేదు, అదీ ఆ ఏడుపు.

ఆ సాయంత్రం రుక్కమ్మతో నంబరు నొక్కించాడు. ఏడాదిన్నర తర్వాత మాట్లాడటం.

"తమ్మీ, కోదాడల సిన్మా ఆడుతున్నదట. వస్తవా?"

"వస్త," అన్నాడు వీరేశం.

కోదాడలో పొద్దుటి ఆటకు ఇరవై మంది కూడా లేరు. అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో బీరన్న కర్ర. వీరేశం చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఆ సంగతి బీరన్న అప్పుడే చూశాడు. కారు సూర్యాపేటలో బయలుదేరింది, మిర్యాలగూడ తిరిగింది, కోదాడ దాటింది. మంద రోడ్డెక్కింది. తెర మీది బీరన్న కర్ర ఎత్తాడు. కుర్చీలో ఉన్న బీరన్న తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"సూడు. నా ఎనకనే పోతుండు. మొండిచెవి ఈనినంక తీసింది గిది."

వీరేశం తెర వైపే చూస్తున్నాడు.

"ఉంటే నాకు కనబడడా అన్న గద. ఉండె తమ్మీ. నాకే కనబడలె."

"నాకెరుకనే అన్నా," అన్నాడు వీరేశం. "సిన్మా వచ్చిన మొదటి రోజే సూసిన, సూర్యాపేట్ల. మొండిచెవిని గూడ సూసిన."

"మల్ల ఫోన్ చెయ్యకపోతివి?"

"నేను చేస్తే నేను జెప్పినట్టయితది. ఒకపారి జెప్పిన గద. నువ్వు సూడాలె అనుకున్న. ఇరవై రోజుల సంది ఫోన్ దిక్కే సూస్తున్న."

బీరన్న చెయ్యి ఆ మోకాలి మీదే ఉండిపోయింది. మంద రోడ్డు దాటేసింది, జీపులు ఇరుక్కున్నాయి, హీరో గెలిచినట్టున్నాడు. ఇక అందులో చూడాల్సింది ఏమీ లేదు కాబట్టి ఇద్దరూ లేచి బయటికి వచ్చారు.

"మొండిచెవి పిల్ల ఎట్లున్నది?" అడిగాడు వీరేశం.

"పొట్టేలయింది. ముఖం మీద బొల్లి. తండ్రి లెక్కనే మందల ఉండడు." బీరన్న ఆగి అన్నాడు. "శంకరయ్య ముందట నిన్ను దొంగన్న. శంకరయ్య ముందటనే చెప్త, అందరిని పిలిపిచ్చి."

"శంకరయ్యకు తర్వాత జెప్పు. ముందుగాల నాగరాణికి జెప్పు. నీళ్ళకు వోతే గూడ దొంగ పెండ్లమని అంటున్నరు దాన్ని."

కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు ఎక్కారు, సూర్యాపేటలో దిగి తుంగతుర్తి బస్సు ఎక్కారు. బీరన్న కిటికీ పక్కన కూర్చొని దారిలో కనబడ్డ ప్రతి మందనూ చూస్తూ పోయాడు. మునగాల దగ్గర ఆ పాత రోడ్డు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ తలలు దించుకున్నారు.

నాగరాణి వాకిట్లో ఉంది. బావను చూసి కొంగు సర్దుకొని, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎంత కోపమున్నా ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళకు నీళ్ళివ్వాలి. బీరన్న చెంబు అందుకోలేదు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. వాళ్ళకు కూడా వినబడేంత గట్టిగానే చెప్పాడు.

"బొల్లోడు ఆ పొద్దు మందల ఉండె బిడ్డా. నా ఎనకకెళ్ళే పోయిండు. మావోడు తప్పు జెయ్యలె. నాకే కనబడలె."

నాగరాణి గోడ వైపు ఒకసారి చూసి, చెంబు ముందుకు జరిపింది.

"కాళ్ళు కడుక్కో బావా," అంది.